పట్టా ఒకరిది, పెట్టుబడి ఒకరిది

తెలంగాణలో పెట్టుబడి సాయం మొదలై ఏడేళ్లు దాటింది. 2018 మేలో హుజూరాబాద్ దగ్గర రైతుబంధుగా ప్రారంభమైనప్పుడు సీజనుకు ఎకరాకు రూ.4,000. మరుసటి ఏడాది రూ.5,000 అయింది. ప్రభుత్వం మారాక, 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో రూ.6,000కు చేరింది. పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే సొమ్ము వారికే అన్న నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. కౌలు రైతుకూ ఏటా ఎకరాకు రూ.15,000 ఇస్తామన్న కాంగ్రెస్ ఎన్నికల హామీ అలాగే ఉండిపోయింది.

పది గుంటల (పావు ఎకరం) సొంత భూమి ఉండి, మరో ఐదెకరాలు కౌలుకు తీసుకున్న రైతునే చూడండి. విత్తనం, ఎరువు, కూలీలు, ముందుగా చెల్లించిన కౌలు అన్నీ అతని నెత్తినే. సీజనుకు అతనికి అందేది రూ.1,500. ఆ ఐదెకరాల యజమానికి రూ.30,000. పోనీ, భూమి లేని కూలీ కుటుంబాలకు ఏటా రూ.12,000 ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా అయినా దక్కుతుందా అంటే, పది గుంటలున్నాయి కదా అని అక్కడా తలుపు మూస్తారు. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్ రూ.6,000 కూడా భూమి ఉన్న కుటుంబాలకే.

భూమిని కౌలుకిచ్చేవారంతా ఆసాములని మేము అనడం లేదు. సాగు చేసే ఓపిక లేని వృద్ధులూ, ఒంటరి మహిళలూ వారిలో ఉన్నారు. వారి సాయం తీసేయమని కూడా అడగడం లేదు. ఎన్ని ఎకరాలున్నా పట్టాదారుకు ఇస్తూ పోయే బదులు ఒక పరిమితి పెడితే, మిగిలే సొమ్ముతో కౌలు రైతును ఆదుకోవచ్చు.

ఎవరు కౌలు రైతో తేల్చలేమన్నది పాత సాకు. రికార్డుల ప్రక్షాళన పేరుతో పహాణీలో (గ్రామ భూమి రికార్డు) భూమిని సాగు చేస్తున్నదెవరో చెప్పే అనుభవదారు కాలమ్‌ను తొలగించింది నాటి కేసీఆర్ ప్రభుత్వమే. కౌలు అనేది యజమానికీ కౌలుదారుకూ మధ్య వ్యవహారమంటూ చేతులు దులుపుకున్నదీ అదే. కానీ 2023 మార్చిలో వడగళ్లకు పంటలు పోయినప్పుడు, ఎకరాకు రూ.10,000 ప్రకటించిన నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ కౌలు రైతులకూ సాయం అందాలన్నారు. అప్పుడు తేల్చగలిగినవారిని ఇప్పుడెందుకు తేల్చలేరు? ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన 2011 సాగుదారుల చట్టం కింద కౌలు రైతులకు రుణ అర్హత కార్డులు ఇవ్వవచ్చు. తెలంగాణ దాన్ని అటకెక్కించింది. ఆంధ్రప్రదేశ్ 2019లో కొత్త చట్టం తెచ్చి, సాగు హక్కు పత్రానికి యజమాని సంతకాన్ని తప్పనిసరి చేసింది. భూమి చేజారుతుందేమోనని భయపడే యజమాని సంతకం పెట్టడు; కార్డు రాదు, బ్యాంకు అప్పూ రాదు. తెలంగాణ ఆ దారి పట్టకూడదు.

అన్నిటికంటే దారుణం రైతు బీమా. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి రూ.5 లక్షలు వస్తాయి. సొంత భూమి లేక, అప్పులపాలై ప్రాణం తీసుకున్న కౌలు రైతు ఇంటికి ఆ పథకం కింద పైసా రాదు. సవరణ ఇక్కడి నుంచే మొదలు కావాలి. వచ్చే సీజను విత్తనాలు పడేలోపు గ్రామసభల్లో కౌలుదారుల పేర్లు రాయించాలి. యజమానికి అభ్యంతరం ఉంటే చెప్పుకునే గడువివ్వాలి. ఆ జాబితాను ముందు బీమాకు, ప్రభుత్వానికి అమ్మిన ధాన్యం డబ్బు జమకు, పంట నష్ట పరిహారానికి వాడాలి. భూమి హక్కుతో దానికి సంబంధం లేదని ఉత్తర్వులో ఒక్క వాక్యం రాస్తే యజమానుల భయమూ తగ్గుతుంది.