గోధుమరంగు సీసా గారికి, ఉభయకుశలోపరి

అమలాపురం,
కార్తీక మాసం, ఆదివారం.

మహారాజశ్రీ తోలురంగు సీసా గారి దివ్య సముఖమునకు, లెక్కల మాస్టారు వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి.

తమరు కుశలమేనని నాకు తెలుసు. ఇంకా సగానికి పైగా నిండి, మా పడమటింటి గూట్లో, అగరుబత్తుల పెట్టె పక్కన దర్జాగా కూర్చునే ఉన్నారు. నా సంగతే కాస్త మనవి చేసుకోవాలి. ఆయ్, కోపమేమీ లేదండి. మా గోదావరి జిల్లాల్లో కోపం పెరిగేకొద్దీ గౌరవం పెరుగుతుంది. ఈ ఉత్తరంలో అండీలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి, తమకే అర్థమవుతుంది.

పోయినేడు దసరా సెలవుల్లో నాకు తోలుపని మీద మనసు పోయింది. ఫోన్లో ఎవరో గడ్డపాయన, పొడుగాటి చెక్కబల్ల ముందు కూర్చుని, తోలుముక్క కోశాడు, కుట్టాడు, చివర్న తమలాంటి సీసా ఒకటి తీసి ఒక్క పూత పూశాడు. అంతే, కొత్త బెల్లప్పాకంలా మెరిసింది. మొత్తం 8 నిమిషాల వీడియో. అది చూసి నేను మొదలుపెట్టిన పని 13 నెలలుగా నడుస్తోంది.

పనిముట్లు కొన్నాను. వరసగా కన్నాలు కొట్టే పళ్ళ ఉలి, అంచు మొన తీసేది, అంచు రుద్దే కర్ర, పల్చగా చెక్కే కత్తి, మైనం పూసిన దారం, మొద్దు సూదులు రెండు, ఇలా ఎన్నో. మా ఆవిడది నర్సాపురం వైపు. అన్నీ బల్ల మీద పరిచి చూపిస్తే మౌనంగా లెక్కపెట్టింది. "23 ఉన్నాయండి. మా అమ్మ ఒక్క లేసు సూదితో ముగ్గురు పిల్లల పెళ్ళిళ్ళు చేసింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇంక ఆ విషయం మా ఇంట్లో మళ్ళీ రాలేదు. రావాల్సిన అవసరమూ లేదు.

తోలు కూడా ఏదో ఒకటి అంటే కుదరదట. బజారులో దొరికే సంచులకీ సోఫాలకీ వాడేది ఎక్కువగా క్రోమియం ఉప్పుతో ఊనిన, అంటే పదును చేసిన, తోలు. అది ఒకటి రెండు రోజుల్లో తయారై, ముందే రంగేసుకుని వస్తుంది. తమరు దయచేసేది మాత్రం చెట్టుబెరడుతోనో కాయలతోనో వారాల తరబడి ఊనిన తోలు మీదికి. లేత మీగడ రంగులో ఉంటుంది. గోరు తగిలితే గీత, నీటిచుక్క పడితే మచ్చ. కొత్త పెళ్ళికొడుకులా చూసుకోవాలి. అలాగే చూసుకున్నాను. అంగుళంన్నర వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ ఒకటి, పర్సులకని పల్చటి ముక్క ఒకటి తెప్పించి, పక్క మీద దుప్పటి కప్పి పడుకోబెట్టాను.

మొదట చేసింది కార్డుల పర్సు. తోలు తప్పులు దాచేది రంగేనని అప్పట్లో నా నమ్మకం. మా గోడలకి సున్నం అలాగే వేయించాం మరి. అతికించేటప్పుడు వేలికి అంటిన బంక ఎక్కడో తగిలిందట. నా కంటికి కనపడలేదు. తమరు రాగానే కనపడింది. బంక అంటిన చోట రంగు పీల్చలేదు. చుట్టూ గోధుమరంగు, మధ్యలో తెల్లగా నా బొటనవేలి ముద్ర, రిజిస్ట్రారు ఆఫీసులో వేయించినంత స్పష్టంగా. ఆ పర్సు ఎక్కడ పడిపోయినా నాదేనని చెప్పుకోవడానికి ఆధార్ కార్డు అక్కర్లేదు.

పోనీలెండి, అది చిన్నది. అసలు మనవి చేసుకోవాల్సింది సంక్రాంతి గురించి.

మా చెల్లెలికి ఆ యేడే పెళ్ళయింది. కొత్త అల్లుడు మొదటి పండక్కి వస్తున్నాడంటే మా వైపు ఇంట్లో పరిస్థితి తమకి తెలీదు. మా అమ్మ వారం ముందునుంచి నిద్రపోలేదు. అరిసెలు, పూతరేకులు, కాకినాడ కాజా, పులస కాలం కాదు కాబట్టి కొరమీను. నేను నా వంతుగా బావగారికి నా చేత్తో చేసిన బెల్టు ఇద్దామనుకున్నాను. రెండు సూదులు ఒకే దారానికి చెరో కొసన గుచ్చి, ఒక్కో కన్నంలోంచి అటొకటి ఇటొకటి దూర్చి లాగే కుట్టు. ఒక పోగు తెగినా రెండోది పట్టుకుంటుంది. ఆ కుట్టు బాగా వచ్చింది, అబద్ధమెందుకు. అంచులు తడి చేసి కర్రతో రుద్ది రుద్ది గాజులా చేశాను. భోగికి ముందు రాత్రి 11 గంటలకి తమరిని పిలిచాను. ఒక పూత వేస్తే చారలు. రెండో పూతకి చారల మీద చారలు. మూడో పూతకి అంతా ఒకటే రంగు, మాడిన గారె రంగు. సీసా మీద లేత గోధుమ అని రాసుంది, అది వేరే సంగతి. ఫ్యాను కింద పెట్టి పడుకున్నాను. తెల్లవారి రంగు కాయితంలో చుట్టి ఇచ్చేశాను.

బావగారు మర్యాదస్తులు. కనుమ నాడు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, పైన నా బెల్టు. జరగవు, జరగనివ్వం అని ఏటా చెప్పే కోడిపందేల బరి దగ్గర పొద్దున్నుంచీ నిలబడ్డారు. ఎండ, జనం, చెమట. సాయంత్రం ఇంటికొచ్చి, స్నానానికని బెల్టు తీశారు. నడుం చుట్టూ వేలెడు వెడల్పున గోధుమరంగు గీత, ఇటు చొక్కాకీ అటు ప్యాంటుకీ సమానంగా. లోపల చర్మానికి కూడా ఉందని చెల్లి తర్వాత చెప్పింది. బావగారు ఒక్క మాటా తూలలేదు. వాకిట్లో అందరూ ఉండగా, బెల్టు రెండు చేతులతో పట్టుకుని, "బావగారూ, బెల్టు చాలా బాగుందండి. తీసేసినా ఉంటోంది" అన్నారు.

మా నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు. పేపరు ఊగుతోంది.

అప్పుడు కూడా తమరి మీద ఒక్క మాట పడనివ్వలేదు నేను. పండగ వెళ్ళాక బెల్టు పట్టుకుని బస్టాండు పక్కన గొడుగు కింద చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఇక్కడొక మాట చెప్పాలి. సీసాకి ఇన్ని అండీలు పెడుతున్నానా, ఆయన్ని మాత్రం మా ఊళ్ళో అందరూ ఏకవచనంలోనే పిలుస్తారు. ఆ రోజు దాకా నేనూ అంతే.

ఆయన బెల్టు తీసుకుని, చొక్కా అంచుతో ఒక్కసారి తుడిచి, అంచుకి అంటిన రంగు నాకు చూపించారు. "రంగు తోలు తాగాలి బాబూ. అది తాగగా మిగిలింది గుడ్డ తాగాలి. గుడ్డకి ఇంక అంటదు అన్నాక అప్పుడు మైనం. మీరు ఆ మిగిలింది మీ బావగారి ప్యాంటుకి తాగించారు." ఇదే ముక్క తర్వాత నేను నాలుగు చోట్ల చదివాను, పెద్ద పెద్ద మాటల్లో. ఒక రోజంతా ఆరనివ్వాలి, పైన నిలిచిన రంగుపొడి పోయేదాకా మెత్తటి గుడ్డతో రుద్దాలి, ఆపైన అక్రిలిక్ పూతో మైనమో రెండు వైపులా, అంచులకి కూడా పట్టించాలి. ఆయన మూడు వాక్యాల్లో చెప్పేశారు.

తర్వాత నా సంచి చూశారు. తోలుకి కన్నాలు పొడిచే ఆరె తీసి వెలుతురుకి పట్టుకున్నారు. "ఎంత పడింది?" 850 అన్నాను. తన ఆరె నా చేతిలో పెట్టారు. సైకిల్ పుల్ల అరగదీసి, కొసన దారం పట్టే చిన్న గంటు పెట్టి, కర్ర పిడికి దిగ్గొట్టింది. పిడి మీద బొటనవేలు ఆనేచోట గుంట పడింది. నా ఆరెకి అలాంటిదేమీ లేదు, కంపెనీ ముద్ర ఉంది.

వాళ్ళ నాన్నకి ఊరి చివర తోళ్ళు ఊనే లంద ఉండేదట. మెట్ట నుంచి తంగేడు చెక్క బండ్ల మీద వచ్చేదట, కరక్కాయ దంచి కలిపేవారట. వాసనకి జనం ముక్కు మూసుకుని అవతలి గట్టు మీద నడిచేవారట. నేను తెప్పించిన తోలుకట్ట విప్పినప్పుడు సరిగ్గా ఆ బెరడు వాసనే వచ్చింది. నేనైతే కళ్ళు మూసుకుని పీల్చి, ఫోటో తీసి, స్టేటస్ పెట్టాను. ఇవన్నీ చెప్పి ఆయన అడిగింది ఒకటే. "ఇదంతా మీరు డబ్బులకి కాదా బాబూ? సరదాకా?"

అవునండి అన్నాను. మొట్టమొదటిసారి అండీ అన్నాను.

ఆ తర్వాత, తమరికి చెప్పకుండా ఒక పని చేశాను. వేసవిలో కాలువలు కట్టేశాక, తడి తోలు మీద ఇనపకత్తి పెట్టి మర్చిపోతే తెల్లారేసరికి కత్తి ఆకారంలో నల్లమచ్చ పడింది. ఎందుకా అని చూస్తే, బెరడుతో ఊనిన తోల్లో వగరు ఉంటుంది, దానికి ఇనుము తగిలితే నలుపు పుడుతుంది. పాత తలుపు మేకులు తుప్పువి గుప్పెడు, సీసాలో వేసి, వెనిగర్ పోసి, మూత వదులుగా పెట్టి వారం ఉంచాను. బయటికి చూస్తే మురికినీళ్ళు. దూదితో తోలు మీద అద్దితే మొదట బూడిదరంగు, చూస్తుండగానే కాకినలుపు. వంటసోడా నీళ్ళతో తుడిచి, ఆరబెట్టి, తెల్లగుడ్డతో ఎంత రుద్దినా గుడ్డ తెల్లగానే ఉంది. ఆ రంగు పైన కూర్చోలేదు, తోల్లోంచే పుట్టింది. మా ఆవిడని పిలిచి గొప్పగా చూపించాను. ఆవిడ అప్పుడే రావులపాలెం అరటికాయలు తరుగుతోంది. చేతులు చాపింది. వేళ్ళన్నీ అదే నలుపు. "నూనె రాసుకోవడం మర్చిపోయానండి. దీనికి మేకులు నానబెట్టాలా?" అంది.

మా తాతగారు కరక్కాయ, అన్నభేది అనే ఇనుప ఉప్పు కలిపి సిరా కాచేవారు. పెడనలో కలంకారీ వాళ్ళు బట్టకి కరక్కాయ పట్టించి, బెల్లంనీళ్ళలో ఇనుము ఊరవేసిన నలుపుతో అచ్చులు వేస్తారు. అంతా ఒకటే లెక్క. ఇన్ని తెలిసిన వంశంలో పుట్టి, 700 పెట్టి తమరిని పార్శిల్లో తెప్పించుకున్నవాడిని నేను.

వానాకాలం సంగతి పెద్దగా చెప్పను. 1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మా నేల తడి ఆరింది లేదు, అన్నం పెట్టిన తడి అది, ఏమీ అనకూడదు. ఆషాఢంలో రెండు పర్సులకి తెల్లబూజు వచ్చింది, శ్రావణానికి పచ్చబడింది. పైగా ఇంట్లో కొబ్బరినూనె ఉండగా వేరే నూనెలెందుకని ధారగా పోశాను. పడ్డచోటల్లా మచ్చ, మచ్చ చుట్టూ చీమలు. స్పిరిట్‌తో తుడిచి, నీడపట్టున గాలికి వేలాడదీశాను. దండెం మీద పర్సులు చూసి పక్కింటి పిన్నిగారు ఎండుచేపలేమో అనుకున్నారట.

కాబట్టి తమరిని మనవి చేసుకునేది ఏమంటే, వచ్చే సంక్రాంతికి ఇంకో పట్టీ కోసి పెట్టాను. ముందు చిన్న ముక్క మీద తమరిని పరీక్ష చేస్తాను. పల్చటి పూతలు, గుండ్రంగా, బాగా ఆరాక మరోటి. తర్వాత మూడు రోజులు గుడ్డతో రుద్దుతాను. గుడ్డ తెల్లగా వచ్చేదాకా తమరికి గూట్లోకి సెలవు లేదు. పెద్దాయనకి చూపించి, ఆయన ఊఁ అంటేనే మైనం. ఆయన గొడుగు కింద నాకిప్పుడు ఆదివారాలు ఒక పీట ఉంది. పనికి కాదు, చూడ్డానికి.

ఇట్లు,
ఇంకా గోళ్ళు తెల్లబడని,
లెక్కల మాస్టారు.

తా.క.: నిన్న చెల్లి ఫోన్ చేసింది. పండక్కి బావగారు కొత్త జత కుట్టించుకున్నారట. చొక్కా, ప్యాంటు, రెండూ గోధుమరంగే.