సవరణ: సి.ఆర్.రావు, కేంబ్రిడ్జ్, ఎముకలు

సాంఖ్యక శాస్త్రవేత్త (స్టాటిస్టిషియన్) సి.ఆర్.రావు గారి గురించిన నిన్నటి పోస్టులో ‘గణితం చదవడానికి కేంబ్రిడ్జ్ వెళ్లారు’ అన్న వాక్యాన్ని ఇలా చదువుకోండి: 1946లో ఆయన్ని పిలిపించుకున్నది అక్కడి పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియం. పని, ఎముకలు కొలవడం!

సూడాన్‌లోని జెబెల్ మోయాలో, మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు, మందుల వ్యాపారి హెన్రీ వెల్‌కమ్ తవ్వించిన అస్థిపంజరాలవి. పుర్రె పొడవు, వెడల్పు లాంటి కొలతలన్నీ ఒకేసారి లెక్కలోకి తీసుకుని, రెండు జనసమూహాలు ఎంత దగ్గరో, ఎంత దూరమో తేల్చాలి. అందుకు సాధనం కలకత్తాలో మహలనోబిస్ 1936లో ప్రతిపాదించిన ‘దూరం’ సూత్రం. రావు గారు అప్పుడు పనిచేస్తున్నది ఆ మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే. పిలుపు కలకత్తాకే ఎందుకొచ్చిందో ఇప్పుడు అర్థమవుతుంది.

మ్యూజియం పని చేస్తూనే, ఆధునిక సాంఖ్యక శాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరైన ఫిషర్ దగ్గర పరిశోధన సాగించి 1948లో డాక్టరేట్ అందుకున్నారు. సిద్ధాంత వ్యాసం కూడా జీవశాస్త్ర వర్గీకరణలో ఎదురయ్యే సాంఖ్యక సమస్యల మీదే.

కామెంట్లలో కొందరు అడిగారు కాబట్టి ఇంకొకటి. నమూనా లెక్కలతో కట్టే అంచనా గరిష్ఠంగా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్-రావు అసమానత కేంబ్రిడ్జ్‌లో పుట్టలేదు. ఆ పత్రం 1945లోనే కలకత్తా మేథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వచ్చేసింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. చేసిన సంగతి మాత్రం పోస్టులో ఉన్నట్టే సరైనది.