చిగుళ్ల నెత్తురు, గుండె బ్లాకులు: ఆ ఫార్వర్డ్‌లో నిజమెంత?

బెంగళూరులో మారతహళ్లి, బెళ్ళందూరు వైపు మన తెలుగు గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది: "చిగుళ్ల నుంచి నెత్తురొస్తే గుండెలో బ్లాకులున్నట్టే. రోజూ 20 నిమిషాలు నువ్వుల నూనె పుక్కిలిస్తే కరిగిపోతాయి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి. గుండె రోగులు తప్పనిసరై వెళ్తే వారం ముందే ఆస్పిరిన్ ఆపాలి."

చివరి మాటే ప్రాణాల మీదికి తెచ్చేది, ముందు దాని సంగతి చూద్దాం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఇచ్చేది స్టెంటులో (గుండె రక్తనాళం తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం) గడ్డ కట్టకుండా. సొంతంగా ఆపితే స్టెంటే మూసుకుపోవచ్చు. క్లీనింగ్‌లో వచ్చే నెత్తురు సాధారణంగా గాజుగుడ్డ కాసేపు ఒత్తిపెడితే ఆగిపోతుంది. నెత్తురు గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసిట్రోమ్ వాడేవాళ్లూ మానకుండా, తాజా ఐఎన్ఆర్ (నెత్తురు గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చెప్పే పరీక్ష) రిపోర్టు వెంట తీసుకెళ్లాలి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ల లెక్క వేరు: నోటి క్రిములు కవాటానికి అంటుకోకుండా, పెద్దవాళ్లకు అమాక్సిసిలిన్ 2 గ్రాములు, క్లీనింగ్‌కు 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒకే మోతాదుగా ఇస్తారు. అది డాక్టరు రాయాల్సిందే. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పాలి. స్టెంటు ఒక్కటే ఉంటే ఈ డోసు అక్కర్లేదు.

ఇక బ్లాకులు. చిగుళ్ల జబ్బున్నవాళ్లలో గుండె జబ్బు ఎక్కువన్నది నిజమే. పొగతాగడం, షుగరు రెంటినీ పెంచుతాయి. వాటిని లెక్కలోకి తీసుకున్నాక కూడా సంబంధం మిగులుతోందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2012లో చెప్పింది. చిగుళ్లకు వైద్యం చేస్తే గుండె జబ్బు రాకుండా ఆగుతుందనడానికి రుజువు లేదనీ అదే నివేదికలో ఉంది. ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఆ రెండో సగం కనబడదు. చిగుళ్ల నెత్తురుకు మామూలు కారణం పాచి. చిగుళ్లు ఉబ్బితే మాత్రం బీపీ మాత్ర పేరు చూడండి, ఆమ్లోడిపిన్‌తో కొందరికి అలా అవుతుంది.

నూనె మెత్తటి పాచిని కాస్త తగ్గించవచ్చు. గట్టిపడిన గారను ఇసుమంతైనా కదపలేదు, ఉమ్మేసే నూనె గుండె దాకా పోనూ పోదు. సింకులో ఉమ్మితే పైపులో బ్లాకు మాత్రం ఖాయం.

క్లీనింగ్ తర్వాత పళ్లు కదులుతున్నట్టు అనిపించడం అబద్ధం కాదు, కారణమే వేరు. గార పేరుకున్నకొద్దీ కింద ఎముక కరుగుతుంది. ఆ గారే పళ్లను సిమెంటులా పట్టి ఉంచుతుంది. గార తీసే పరికరం (స్కేలర్) కొన అదురుతూ, నీళ్లు చిమ్ముతూ దాన్ని పెచ్చులుగా లేపేస్తే, దాగిన కదలికా సందులూ బయటపడతాయి. కొన్నాళ్లు చల్లనీళ్లు జివ్వుమంటాయి కూడా. పంటికీ చిగురుకూ మధ్య లోతును ప్రోబ్‌తో (గీతలున్న సన్నటి కొలత పుల్ల) కొలవమనండి: 3 మి.మీ. వరకు సరే. 4 దాటి నెత్తురొస్తే పైపైన క్లీనింగ్ చాలదు, వేరు దాకా శుభ్రం చేయాలి. సుమారు మూడు నెలలకు మళ్లీ కొలిపించాలి.

ఇంట్లో మెత్తటి బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల వాలులో పెట్టి, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు తోమండి. నెత్తురొస్తోందని ఆ చోటు వదిలేస్తే పాచి అక్కడే మిగిలి, నెత్తురు ఇంకా ఎక్కువవుతుంది. ప్రైవేటు ఖర్చుకు జంకితే కోట ప్రాంతంలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. వెళ్లేటప్పుడు వాడే మాత్రల చీటీ జేబులో పెట్టుకోండి.