వాక్యం కొట్టేస్తే దొంగ, పేరు కొట్టేస్తే చీఫ్

మా అక్క కొడుకు చెన్నైలో ఎండీ చివరి ఏడాదిలో ఉన్నాడు. నెల కిందట అర్ధరాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, థీసిస్‌కి 18 పర్సెంట్ వచ్చింది" అన్నాడు, జ్వరం వచ్చిందన్నట్టు. ఇతరుల రాతలతో ఎంత కలిసిందో సాఫ్ట్‌వేరు కట్టే లెక్క అది. పది లోపుకి దించాలట. రెండు రాత్రులు కూర్చుని వాక్యాలన్నీ తిరగేసి, మరగేసి రాశాడు. దిగింది. గైడ్ సంతోషించాడు.

ఆ థీసిస్‌లోంచి తీసిన పేపర్ ఇప్పుడు ఒక పత్రికకి వెళ్లింది. దానిమీద ఆరు పేర్లున్నాయి. కేసు షీట్లు తిరగేసింది, రోగులకు ఫోన్లు చేసింది మావాడు, వాడి జూనియర్. మిగతా నలుగురిలో ఇద్దరి మొహం కూడా వీడు చూడలేదు. ఈ పేర్లకి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పర్సెంటేజీ కట్టలేదు.

గ్రంథచౌర్యం పేరుతో మనం చేసే గొడవంతా మొదటి దొంగతనం, అంటే వాక్యాలెత్తడం గురించే. నా కోపం రెండోదాని మీద: చెయ్యని పనికి పేరెక్కించుకోవడం మీద.

2018 నాటి యూజీసీ నియమాలు తెలిసినవే. 10 శాతం దాకా మాఫీ, 40 దాటితే ఏడాది ఆగాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. యాదృచ్ఛికంగా వరసగా 14 మాటల దాకా కలిసినా లెక్కలోకి రాదు. 2017 ముసాయిదాలో ఒక పదునైన నిబంధన ఉండేది: ఫలితాలు, పరిశీలనలు, నిర్ధారణల వంటి కీలక భాగాల్లో కాపీని అసలే సహించకూడదని. తుది ప్రతిలో ఆ భాగాల్లో పోలికలు ఉండకూడదన్న మాట ఒక గమనికగా మిగిలింది గానీ, దానికి వేరే శిక్ష లేదు. శిక్ష లెక్కలో ఉపోద్ఘాతంలో ఎత్తిన వాక్యానికీ, ఫలితాల్లో ఎత్తిన వాక్యానికీ ఒకటే తూకం. బీపీ కొలిచిన పద్ధతిని వెయ్యిమంది ఒకేలా రాస్తారు, ఎందుకంటే ఒకేలా కొలుస్తారు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లాడు ఒక తిన్నని ఇంగ్లీషు వాక్యం దొరికితే దాన్ని పట్టుకుని వేలాడతాడు. తప్పే. కానీ చిన్న తప్పు.

ఆ తప్పుకి భయపెట్టి మనం సాధించిందేమిటి? గియోమ్ కబనాక్, సిరిల్ లాబే అనే ఫ్రెంచి పరిశోధకులు 2021 నుంచీ బయటపెడుతున్న వింతలు చూడండి. సాఫ్ట్‌వేరు కన్నుగప్పడానికి పర్యాయపదాలు గుప్పించిన పేపర్లలో బ్రెస్ట్ క్యాన్సర్ కాస్తా 'బూజమ్ పెరిల్' అయింది. కిడ్నీ ఫెయిల్యూర్ 'కిడ్నీ డిసప్పాయింట్‌మెంట్' అయింది. మూత్రపిండానికి ఆశాభంగం! నవ్వొస్తుంది గానీ, అవి అచ్చయ్యాయి.

పేర్ల విషయంలో అంతర్జాతీయ వైద్య పత్రికల సంపాదకుల కమిటీ మాట సూటిగా ఉంది. పనిలో గట్టి పాలు ఉండాలి, రాతలోనో దిద్దుబాటులోనో చెయ్యి ఉండాలి, తుది ప్రతికి ఒప్పుకోవాలి, రేపు తప్పు బయటపడితే జవాబు చెప్పాలి. నాలుగూ కావాలి. నిధులు తెచ్చానంటే చాలదు, విభాగానికి పెద్దనంటే చాలదు. అలాంటివాళ్ల చోటు కృతజ్ఞతల్లో.

ఇది మనకు వేరే దేశం నేర్పక్కర్లేదు. కృతికర్త వేరు, కృతిపతి వేరు అని తెలుగు పద్యానికి మొదటినుంచీ తెలుసు. రాజరాజ నరేంద్రుడు భారతం రాయించుకున్నాడు, కర్తగా మిగిలింది నన్నయ్యే. ఆ నన్నయ్య ఇంకో పని చేశాడు. తన సహాధ్యాయి నారాయణభట్టు, యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడిలా తనకు తోడై నిలిచాడని అవతారికలోనే చెప్పుకున్నాడు. సాయపడ్డవాడిని సాయపడ్డవాడిగానే చెప్పాడు. మన మెడికల్ కాలేజీల్లో కృతిపతి కర్తగా ఎక్కి కూర్చుంటాడు. లెక్కలన్నీ కట్టి పెట్టిన స్టాటిస్టీషియన్ మాత్రం కృతజ్ఞతల్లో కూడా కనపడడు.

పెద్దలు ఒకటంటారు: రోగులొచ్చేది నా యూనిట్‌కి, ఎథిక్స్ కమిటీ ముందు సంతకం నాది, నా పేరు లేకపోతే ఆ పేపర్ ఎవరు చదువుతారు? కొంత నిజమే. మంచి గైడ్ చేతికి ప్రశ్న ఇస్తాడు, అదే సగం పరిశోధన. ఆయన పేరు ఉండాల్సిందే. డ్రాఫ్ట్ తెరిచైనా చూడనివాళ్లకి ఈ వాదం వర్తించదు.

జవాబుదారీ లేని పేర్లు ఏం చేస్తాయో బ్రిటిష్ డాక్టరు వేక్‌ఫీల్డ్ కథ చెప్పింది. ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెడుతూ, 12 మంది పిల్లల మీద 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఆయన వ్యాసానికి 13 మంది రచయితలు. 2004లో వాళ్లలో 10 మంది అందులోని వ్యాఖ్యానాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆరేళ్లకి గుర్తొచ్చింది బాధ్యత. పత్రిక పూర్తిగా ఉపసంహరించుకునేసరికి 2010 వచ్చింది. ఈలోపు ఎంతమంది తల్లులు టీకాకి జంకారో!

పేరు పోగొట్టుకోవడమంటే ఏమిటో చెన్నైకి తెలియాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు చదివింది మద్రాసు మెడికల్ కాలేజీలోనే. ఖద్దరు కట్టినందుకు దొర ప్రొఫెసర్‌కి కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు దానికంటే తక్కువదైన ఎల్ఎంఎస్‌తో బయటికొచ్చాడు. హార్వర్డ్‌కి వెళ్తే అక్కడా అదే. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లనే జీవరసాయనాలను ఏళ్ల తర్వాత ఇతరులు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందనీ, పై అధికారి ఫిస్క్ అసూయతో ఆ పనిని వెలుగు చూడనివ్వకపోవడమే కారణమనీ 1988లో నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. అక్కడ పేరు తొక్కేశారు, ఇక్కడ పేరు పంచుకుంటున్నారు. నష్టపోయేది రెండుచోట్లా పని చేసినవాడే.

అసలు జబ్బు ప్రమోషన్‌లో ఉంది. 2022 నాటి నియమాల్లో అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే రెండు పేపర్లు, ప్రొఫెసర్‌కి ఇంకో రెండు అడిగారు. అప్పుడు జాతీయ వైద్య కమిషన్ పెట్టిన షరతు ప్రకారం మొదటి ముగ్గురిలో పేరుండాలి, లేదా పత్రికతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే కరస్పాండింగ్ ఆథర్ అయ్యుండాలి. అంటే ప్రతి పేపర్‌లో బెర్తులు నాలుగే. తత్కాల్ క్యూ నయం. బోధించే ప్రతి డాక్టరూ పరిశోధకుడు కావాలని ఎవరు చెప్పారు? సెంట్రల్ స్టేషన్ ఎదురుగా జనరల్ హాస్పిటల్ ఓపీలో, నెల్లూరు నుంచో సూళ్లూరుపేట నుంచో పొద్దున్న బండికి దిగిన మనవాళ్లు చీటీ పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్లని చూస్తూనే, పక్కనున్న పీజీకి స్టెత్ ఎక్కడ పెట్టాలో చూపించే డాక్టరు చేసే పనికి పేపర్‌తో సమానంగా మార్కులివ్వండి. సగం దొంగ పేర్లు ఆ రోజే రాలిపోతాయి.

మావాడి పేపర్ ప్రూఫ్ నిన్న వచ్చిందట. జూనియర్ మూడో పేరు నుంచి అయిదుకి దిగాడు. పైకెక్కినాయనకి వచ్చే నెలలో ఇంటర్వ్యూ ఉందట.