మధ్యాహ్నం రెండున్నర కునుకుపై నా సంజాయిషీ

పోయిన వారం నాకొక మెమో వచ్చింది. మధ్యాహ్నం రెండు గంటల ముప్పై నిమిషాలకు, ఫైళ్ల మీద చెంప ఆనించి, నోరు కొద్దిగా తెరుచుకుని, 'విధి నిర్వహణలో నిద్రావస్థలో' కనిపించానట. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. నిద్ర సంగతి సరే, నోరు తెరిచిన సంగతి కూడా రికార్డుకెక్కించాలా అని కాస్త నొచ్చుకున్నాను. ఆఫీసు పేరు చెప్పను. నల్లగొండ క్లాక్ టవర్ నుంచి నడిచిపోయేంత దూరం, అంతే. మా ఊళ్లో క్లాక్ టవర్ అంటే టైం చూసుకునే చోటు కాదు, ఆటో దిగే చోటు. ఇలాంటి ఊళ్లో ఒక మనిషిని నిమిషాలతో సహా పట్టుకోవడం న్యాయమా?

అసలు ముద్దాయి వేరే ఉన్నాడు. రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే కూడలి ఒకటుంది. దాని పైనే, మిర్యాలగూడ మిల్లులో ఆడిన బియ్యపు గింజంత జాగాలో, సుమారు 20 వేల నాడీకణాలు ఆఫీసు పెట్టుకున్నాయి. బోర్డు మీద పేరు సుప్రాకయాజ్మాటిక్ న్యూక్లియస్, డ్యూటీ ఒంటి గడియారం నడపడం. ఒక్క పోస్టు ఖాళీ లేదు, ఒక్కరూ డిప్యుటేషన్ మీద పోలేదు. చీకటి పడ్డాక నిద్రవేళ అయిందని చెప్పే మెలటోనిన్ హార్మోన్ వదలమని మెదడులోని పీనియల్ గ్రంథికి కబురు పెట్టేది వాళ్లే, తెల్లవారుజామున ఒంటి వేడి తగ్గించేది వాళ్లే, లేచే వేళకు ఒంటిని సిద్ధం చేసే కార్టిసాల్ హార్మోన్ పెంచేదీ వాళ్లే. మధ్యాహ్నం ఒంటిగంటకూ మూడింటికీ నడుమ మన మెలకువను ఒక మెట్టు కిందికి దించేది కూడా ఆ ఆఫీసే. నేను తిన్న ముద్దపప్పు, పచ్చిపులుసు ఆ పనికి కొంత చేయూతనిచ్చి ఉండొచ్చు, కాదనను. కానీ పస్తున్నవాడికీ ఆ వేళకు మగత వస్తుంది. కాబట్టి మా ఆవిడ కట్టిచ్చిన డబ్బను ఈ కేసులో రెండో ముద్దాయిగా చేర్చవద్దని మనవి.

ఉదయం పది నిమిషాలు లేటుగా వస్తున్నాననే పాత ఆరోపణ ఒకటుంది. దానికీ ఇక్కడే జవాబు చెప్పేస్తాను. వెలుతురు తగలకుండా మనిషిని వదిలేస్తే, ఆ గడియారం రోజును సగటున 24 గంటల కంటే పది నిమిషాల పైచిలుకు సాగదీస్తుంది. పొద్దుటి ఎండ కంట్లో పడితేనే మళ్లీ దారికొస్తుంది. అంటే ఆ పది నిమిషాల గ్రేస్ టైం ప్రకృతే ఇచ్చింది. ఆఫీసు దాన్ని ఎప్పుడు రద్దు చేసిందో జీవో నంబరు చూపిస్తే సంతోషిస్తాను.

1729లో డి మేరాన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఒక మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ లేకపోయినా అది పగటి వేళకు ఆకులు విప్పింది, రాత్రి వేళకు ముడిచింది. మా వాకిట్లో చింతచెట్టు పొద్దుగూకితే అదే పని చేస్తుంది. దానికి ఇంతవరకు ఎవరూ మెమో ఇవ్వలేదు. పండ్ల మీద ముసిరే ఈగల్లో ఈ గడియారాన్ని నడిపే జన్యువుల గుట్టు విప్పినందుకు 2017లో ముగ్గురు అమెరికన్లకు నోబెల్ ఇచ్చారు. ఈగ వేళకు నిద్రపోతే నోబెల్, గుమస్తా నిద్రపోతే మెమో.

ఇక మెమో చదివినప్పుడు నా ఒంట్లో ఏం జరిగిందో కూడా ఫైల్లో ఉండాలి. గుండె దడదడలాడింది, నోరు తడారింది, అరచేతులు చెమర్చాయి. మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చునే అడ్రినల్ గ్రంథులు తమ సరుకంతా రక్తంలోకి ఒలకబోశాయి. అమ్రాబాద్ అడవిలో పులి ఎదురైతే పరుగెత్తడానికి చేసిన ఏర్పాటది. పులి ముందు అరుగుదల దేనికి దండగని అది పొట్టనూ లాలాజలాన్నీ ఆపేస్తుంది. పులికీ పెద్దసారు సంతకానికీ తేడా ఆ నరాలకు తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ అంతగా తెలియదు.

మధ్యాహ్నం చాయ్ తాగొచ్చు కదా అంటారు. తాగాను. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పేరుకుంటుంది, నిద్ర రావాలని అర్జీలు పెడుతుంది. చాయ్‌లోని కెఫీన్ ఆ అర్జీలు తీసుకునే కిటికీ మూసేస్తుందే తప్ప అర్జీలను పరిష్కరించదు. ఈ పద్ధతి మా ఆఫీసుకు కొత్త కాదు.

నిద్ర విషయంలో మా ఇంట్లో అసలైన అనుభవజ్ఞుడు మా నాయిన. ఒకప్పుడు బాయికాడికి మూడు ఫేజుల కరెంటు పగలు కొంత, రాత్రి కొంత వచ్చేది. రాత్రి వంతు రెండు గంటలకైతే, నాయిన రెండుకు పది నిమిషాల ముందే లేచి, టార్చిలైటు, కర్ర పట్టుకుని గట్ల మీద పాములు చూసుకుంటూ పోయి మోటారు వేసేవాడు. అలారం పెట్టిన పాపాన పోలేదు. లేవాల్సిన వేళ ముందే తెలిస్తే ఒంట్లో హార్మోన్లు ముందు నుంచే సిద్ధమవుతాయట. 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల కరెంటు అన్నారు. కరెంటు రాగానే మోటారును దానంతటదే నడిపించే ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు, తీసేశారు. నాయిన తలలోని ఆటో స్టార్టర్ జోలికి మాత్రం ఏ లైన్‌మన్ పోలేదు. ఇప్పటికీ రెండింటికి లేస్తాడు, చెప్పులేసుకుని వాకిట్లోకి పోయి ట్రాన్స్‌ఫార్మర్ దిక్కు చూస్తాడు.

నిన్న రాత్రి ఈ సంజాయిషీ రాస్తూ కూర్చున్నాను. మెమో భయానికి నిద్ర రాలేదు, ఫోన్ వెలుతురుకు మెలటోనిన్ రాలేదు. రెండు కావస్తుంటే నాయిన లేచొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కరెంటొచ్చిందా బిడ్డా?"

"పోతే గదా నాయినా వచ్చేది. పండుకో."

ఆయన నన్నూ, నా ముందున్న కాగితాలనూ, ఫోన్‌నూ కాసేపు చూశాడు.

"మరి నువ్వెవల మోటారు వెయ్యనీకె లేచినవ్?"

ఆ ప్రశ్నకు జవాబు రాయడానికి మరో మూడు రోజులు గడువు కోరుతున్నాను.