పాడినోళ్లకు హక్కే లేదట!

వారం నుంచి కళాకారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. నాకే నాలుగు చోట్ల నుంచి వచ్చింది, అందులో ఒకటి డప్పు కొట్టే మా బామ్మర్ది పంపించాడు. దాని సారాంశం ఇది: జానపదానికి కాపీరైట్ లేదు, ఎవరైనా వాడుకోవచ్చు. ఒక్కసారి పైసలు తీసుకుంటే పాటతో నీకు సంబంధం తెగినట్టే. రిజిస్టర్ చేయని పాట నీది కాదు, ఆ ఖర్చు ఎందుకనుకుంటే పాట కాగితం నీ పేరు మీద నువ్వే రిజిస్టర్ పోస్టులో పంపుకో. కోర్టంటే హైదరాబాద్ పోవాలి, ఇల్లు అమ్ముకోవాలి. చేర్యాల పటాలు, పెంబర్తి ఇత్తడి పని చేసేవాళ్లకు జీఐ ట్యాగ్ (ఊరి పేరుతో ప్రసిద్ధమైన వస్తువుకు ఇచ్చే భౌగోళిక గుర్తింపు) ఉంది కాబట్టి ఢోకా లేదు. చివర్లో చేతులు జోడించిన బొమ్మలు మూడు.

నేను లాయర్ని కాదు. హన్మకొండ అదాలత్ దగ్గర టైపు చేసుకునేవాణ్ణి. కానీ పాటలోళ్ల అగ్రిమెంట్లు ఈమధ్య నా టేబుల్ మీదికి బాగా వస్తున్నాయి, అవి చదివీ చదివీ, తెలిసిన వకీళ్లను అడిగీ అడిగీ నేర్చుకున్న నాలుగు ముక్కలు ఇవి.

మొదటిది సగం నిజం. తాతల కాలం నుంచి ఊరంతా పాడుకుంటున్న బతుకమ్మ పాట ఎవరి సొత్తూ కాదు, అది నాదని ఎవడైనా యూట్యూబ్ ఛానెల్ వాడు నీ వీడియో మీద స్ట్రైక్ (కాపీరైట్ ఫిర్యాదు) వేస్తే వాడిదే తప్పు. కానీ ఆ బాణీలో నువ్వు కొత్తగా రాసిన చరణాలు నీవే, నువ్వు బతికున్నన్నాళ్లూ, పోయాక ఇంకో 60 ఏళ్లూ. పాత పాటే అయినా నువ్వు పాడింది నీ ప్రదర్శన, దాని మీద హక్కు 50 ఏళ్లు. నిన్ను అడగకుండా దాన్ని రికార్డు చేసి అమ్ముకునే వీల్లేదు. 1957 కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే చోట గాయకుడు, నర్తకుడితో పాటు గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నారు. పాములోడిని కూడా మరిచిపోని చట్టం ఒగ్గు కథ చెప్పేవాళ్లను వదిలేసిందంటే నేను నమ్మను.

అసలు నష్టమంతా రెండో మాటలో ఉంది. పైసలు తీసుకున్నావు కాబట్టి అయిపోయింది అనేది పచ్చి అబద్ధం. హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవాడి సంతకం ఉండాలి, ఏ పాట, ఏ హక్కు, ఎన్నాళ్లు, ఎక్కడ అనేది రాయాలి. ఎన్నాళ్లో రాయకపోతే ఐదేళ్లే. ఎక్కడో రాయకపోతే ఇండియా వరకే. ఫోన్‌పేలో ఐదు వేలు వచ్చి, కాగితమే లేకపోతే ఆ హక్కు నీ దగ్గరే ఉన్నట్టు. మహా అయితే ఆ ఛానెల్ వాడికి వాడుకునే అనుమతి ఇచ్చినట్టు అవుతుంది.

మొన్న పరకాల వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. ఫోన్ కవర్ వెనకాల నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల స్టాంపు కాగితం తీసి, "అన్నా, ఇది ఇంగ్లీషులో ఉంది, ఏముందో చెప్పు" అన్నాడు. విప్పితే మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయి ఉన్నాయి. సర్వహక్కులు, శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, ఇక రాబోయే అన్ని మాధ్యమాల్లో అని నిండా ఉంది. పాట పేరు రాయాల్సిన చోట మాత్రం ఖాళీ గీత! ఏ పాటో తెలియకుండా అన్ని పాటలూ రాసిచ్చినట్టు సంతకం పెట్టించుకున్నారు. స్టూడియో బయట కారు బానెట్ మీద పెట్టి చేయించారట. ఏ పాటో చెప్పని అలాంటి కాగితం కోర్టులో నిలబడటం కష్టం. ఒప్పందం నాటికి లేని మాధ్యమానికైతే దాన్ని పేరు పెట్టి రాస్తే తప్ప హక్కు పోదు. పైగా 2012 సవరణ తర్వాత పాట రాసినవాళ్లు, బాణీ కట్టినవాళ్లు తమ రాయల్టీ వాటాను వదులుకుంటున్నామని సంతకం పెట్టినా చెల్లదు, వారసులకో కాపీరైట్ సొసైటీకో (రచయితల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) తప్ప ఇంకెవరికీ రాసివ్వలేరు. ఒక్క మాట మాత్రం చెప్పాలి, రికార్డింగ్ మీద హక్కు సాధారణంగా దాన్ని తీయించినవాడిదే. అది వేరు, అందులోని పాట వేరు. ఈ రెండూ ఒకటేనని నమ్మించడం మీదే బోలెడంత వ్యాపారం నడుస్తోంది.

బొమ్మలేసేవాళ్ల సంగతి వేరు, జాగ్రత్త. ఎవరైనా డబ్బులిచ్చి ప్రత్యేకంగా వేయించుకున్న పెయింటింగ్ మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే. చేర్యాల పటాలు ఆర్డర్ మీద గీసేవాళ్లు ఒక్క లైన్ అయినా ముందే రాయించుకోవాలి.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రాసిన క్షణం నుంచే హక్కు ఉంటుంది, రిజిస్టర్ అయితే సాక్ష్యంగా పనికొస్తుంది, సాహిత్యానికి ఫీజు 500 రూపాయలు. పోస్టు కవరు చిట్కాకు చట్టంలో ఏ విలువా లేదు. దానికంటే పాట మొదటిసారి పాడి పంపిన వాట్సాప్ ఆడియో, పైసలు పడ్డ మెసేజ్ దాచుకోవడం నయం.

ఇల్లు అమ్ముకోవాలన్నదానికి నాకు నిజంగా కోపం వచ్చింది. ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం నుంచి ఉన్నదే. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును పెడతారు. చిందు, డక్కలి కళాకారులు, మేడారం వైపు కోయ డోలి వాయించేవాళ్లు అందులోకే వస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంటుంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. కాపీరైట్ కేసు నువ్వు ఉండే జిల్లా కోర్టులోనే వేసుకోవచ్చు, హైదరాబాద్ బస్సెక్కే పని లేదు. అయితే ఏళ్లు పట్టొచ్చు, అది మాత్రం దాచను. అందుకే ముందు నోటీసు, తర్వాత లోక్ అదాలత్ అంటారు మా దగ్గరి వకీళ్లు, అక్కడ కోర్టు ఫీజు కూడా ఉండదు.

ఇక జీఐ. 2018లో వరంగల్ డర్రీలకూ (నేల మీద పరిచే తివాచీలు) వచ్చింది. అది పేరును కాపాడుతుంది. వేరే చోట నేసి వరంగల్ డర్రీ అని అమ్మితే ఆపొచ్చు. కానీ అధీకృత వినియోగదారుగా పేరు నమోదు చేసుకుంటేనే కార్మికుడు ఆ హక్కును వాడుకోగలడు. చేయించుకున్నవాళ్లు ఎందరున్నారో మీ ఊళ్లో అడిగి చూడండి.

ఆ పరకాల తమ్ముడు సొంతంగా రాసిన చరణాల నోటుబుక్కు తెచ్చుకున్నాడు. న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు రాసిచ్చాను. వాళ్లు పెట్టిన వకీలు ఆ కాగితం రాయించుకున్నవాళ్లకు నోటీసు పంపారు. రెండు వారాలకు పాట వీడియో కింద రచయితగా అతని పేరు వచ్చింది. పైసలింకా రాలేదు.