మా ఇంటి పాటల సర్వర్‌లో కొలువున్న ఎనిమిది కోర్ల ప్రాసెసర్‌గారికి

మహారాజశ్రీ ప్రాసెసర్‌గారికి, మిమ్మల్ని కొని తెచ్చినవాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. మీరు మా హాల్లో టీవీ బల్ల కింద పదవీస్వీకారం చేసి పద్నాలుగు నెలలైంది. ఈ కాలంలో మీరు చేసిన పనిని, మీకు పెట్టిన కరెంటును పక్కపక్కన వేసి చూసుకున్న మీదట ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

తప్పు మొదట నాదేనని ఒప్పుకుంటున్నాను. ఇంట్లో పాటలు వినిపించే సర్వర్‌కు ఎంత శక్తి కావాలని నేను అడిగితే, దుకాణంలోని కుర్రవాడు "మీ బడ్జెట్ ఎంత సార్?" అని ఎదురు ప్రశ్న వేశాడు. నేనొక అంకె చెప్పాను, ఆ అంకెకు సరిపోయిన మీరు కోర్లనే ఎనిమిది మెదళ్లతో వచ్చారు. పని ఏమిటో తేల్చకుండా జీతం ముందు ఖాయం చేసి ఉద్యోగిని పిలిచిన నియామకం ఇది. పెళ్లిపంక్తిలో మంచినీళ్లు పోయడానికి ఎనిమిది మంది జిల్లా కలెక్టర్లను రప్పించినట్లయింది.

ఇంతకీ మీకు అప్పగించిన పని ఎంతటిదో చూడండి. సీడీలో ఒక్కో చానల్‌కు సెకనుకు 44,100 నమూనాలు (ధ్వని కొలతలు), ఒక్కో నమూనాకు 16 బిట్లు, చానళ్లు రెండు: వెరసి సెకనుకు 14,11,200 బిట్లు. 1982లో అమ్మకానికి వచ్చిన తొలి సీడీ ప్లేయర్లు మీ తాతల తాతలకు కూడా సాటిరాని చిన్న చిప్పులతో ఈ పని చేసి చూపించాయి. నా పాటలన్నీ నాణ్యత పోకుండా కుదించిన ఫ్లాక్ ఫైళ్లు కదా, వాటిని విప్పడానికైనా మీరు కావాలి కదా అని నేను మీ తరఫున వాదించబోయాను. కాని 2001లో వెలువడిన ఆ ఫ్లాక్ పద్ధతిలో శ్రమంతా ముడి వేసేవాడిదే తప్ప విప్పేవాడిది కాదు. ఎంత బిగించి కుదించినా, విప్పడం దాదాపు అంతే తేలిక. 700 మెగాహెర్ట్జ్ వేగం, ఒకే ఒక్క కోరు, 256 మెగాబైట్ల మెమరీతో 2012లో వచ్చిన మొదటి రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న బోర్డు కంప్యూటర్ కూడా చెమట పట్టకుండా ఫ్లాక్ పాటలు వినిపించింది. పైగా మా ఇంట్లో ఆ విప్పడం కూడా పడకగదిలోని ప్లేయరే చేసుకుంటుంది. మీరు చేసేదల్లా ఫైలును డిస్కు మీద నుంచి తీసి తీగ మీద పెట్టడం. దాన్ని తపాలా బంట్రోతు పని అంటారు.

మీ పని గ్రాఫును నేను పాటలకంటే శ్రద్ధగా చూశాను. ఎప్పుడు చూసినా ఒక శాతం, మహా అయితే రెండు.

అయినా పేరు కొట్టి వెతికితే పాట దొరకడానికి నాలుగు సెకన్లు పట్టేది. మెమరీ పెంచమని ఒకరు, మీకంటే పెద్దవారిని పిలవమని మరొకరు సలహా ఇచ్చారు. చివరికి తేలిందేమిటంటే, పద్నాలుగు వేల పాటల జాబితా మొత్తం గిరగిర తిరిగే పాత హార్డ్‌డిస్కు మీద ఉంది. వెతికిన ప్రతిసారీ దాని ముల్లు అటూ ఇటూ పరుగెత్తుతుంటే మీరు ఎనిమిది జతల చేతులు కట్టుకుని నిలబడి చూస్తున్నారు. జాబితాను మాత్రం తిరిగే భాగాలు లేని డిస్కు, అంటే ఒక చిన్న ఎస్ఎస్‌డీకి మార్చి, పాటలను పాత డిస్కులోనే ఉంచాను. ఆ రోజు నుంచి పేరు కొట్టిన మరుక్షణమే పాట వస్తోంది. ఆ కీర్తిలో మీకు వాటా లేదు.

అసలు కష్టం ఇంకొకచోట ఉంది. మీ ఏలుబడిలో ఘంటసాలగారు అయిదుగురయ్యారు: తెలుగు లిపిలో ఒకరు, ఇంగ్లీషులో హెచ్ ఉన్నవారొకరు, హెచ్ లేనివారొకరు, ఇంటిపేరు తరువాత చుక్క పెట్టినవారొకరు, సుశీలగారితో కలిపి ఒకే పేరుగా మారినవారొకరు. పాట వివరాల్లో ఆల్బమ్ ఆర్టిస్ట్ అనే గడిని ఖాళీగా వదిలేసిన పాపానికి ఒక్కొక్క సినిమా గాయకుల లెక్కన నాలుగు ముక్కలైంది. త్యాగరాజ కృతికి రాగం, తాళం రాసుకునే గడులే లేకపోవడంతో తోడి రాగమంతా వ్యాఖ్య గడిలో తలదాచుకుంది. ఆ చిక్కులు విప్పడానికి మీ కోర్లలో ఒక్కటీ ముందుకు రాలేదు, రాదు కూడా. అది ఆదివారాలు కూర్చుని నేను చేయవలసిన గుమాస్తా పని.

మీకు తగిన కొలువే లోకంలో లేదని నేననను. సంగీతాన్ని డీఎస్‌డీ 512 అనే ధ్వని పద్ధతికి, అంటే చానల్‌కు సెకనుకు 2,25,79,200 నమూనాలకు ఉబ్బించి వినాలనే రసికులున్నారు. గది ప్రతిధ్వనిని కొలిచి, పొడవాటి ఫిల్టర్లతో ప్రతి స్వరాన్నీ సరిదిద్దుకునేవారున్నారు. నాలుగు గదుల్లో నాలుగు రకాల దిద్దుబాట్లు ఒకేసారి నడిపేవారికి మీరు నిజంగానే అవసరం. నేనూ ఒకసారి ప్రయత్నించాను. 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డు నుంచి ఎక్కించుకున్న మూడు నిమిషాల మోనో పాటను మీ చేత అంత పైకి ఎత్తించాను. రికార్డు మీది గరగర ఎక్కడికీ పోలేదు, సెకనుకు రెండు కోట్ల పైచిలుకు నమూనాలతో రాజలాంఛనాలతో వినిపించింది. ఈలోగా వంటింట్లో కుక్కర్ కూత వేసింది. ఇంతటితో నా ప్రయోగం ముగిసింది.

ఇక మీ ఫ్యాను సంగతి. ఆలాపన మంద్రంలోకి దిగి, గాయకుడు ఊపిరి పీల్చుకునే ఆ రెండు క్షణాల నిశ్శబ్దంలో బల్ల కింద నుంచి శ్రుతి కలవని మూడో తంబురా ఒకటి వినిపిస్తుంది. దాన్ని పోషించడానికి మీ పెట్టె ఊరికే కూర్చుని 60 వాట్లు తాగుతోంది. ఏడాదికి సుమారు 526 యూనిట్లు. అయిదు వాట్ల చిన్న బోర్డు అదే పనికి 44 యూనిట్లు అడుగుతుంది, ఫ్యాను అసలే అడగదు, కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్‌ను పీల్చి పిప్పి చేయదు.

కావున మిమ్మల్ని వచ్చే ఆదివారం నుంచి మా మేనల్లుడి గదికి బదిలీ చేయడమైనది. అతను వీడియోలు ఎడిట్ చేస్తాడు, మీ ఎనిమిది కోర్లకూ ఊపిరాడనివ్వడు. మీ స్థానంలో నాలుగు గిగాబైట్ల మెమరీ గల అరచేతి వెడల్పు బోర్డు చార్జి తీసుకుంటుంది. అప్పగించవలసిన సామాను: హార్డ్‌డిస్కు ఒకటి, ఎస్ఎస్‌డీ ఒకటి, ఘంటసాలగార్లు అయిదుగురు.

ఇట్లు,
ఇంకా మీ కంతులు కడుతున్నవాడు.